చిత్తు పుస్తకమూ, సాఫు పుస్తకమూ

కళాశాలలో ఖగోళశాస్త్రం కొత్తగా చదువుకొనే విద్యార్థి సంచిలో సాధారణంగా రెండు పుస్తకాలుంటాయి. మొదటిది చిత్తు పుస్తకం. మిద్దెమీద దూరదర్శిని పక్కన, చేతిలైటు వెలుతురులో, మంచుకు చెమ్మగిల్లిన కాగితంమీద గీసిన గీతలు, కొట్టివేసిన అంకెలు, "మబ్బు పట్టింది" అన్న రెండు మాటలు అందులో ఉంటాయి. రెండవది రికార్డు. దానికి గట్టి అట్ట, అట్టకు కాగితపు తొడుగు, పేరు వ్రాసిన లేబులు, మొదటి పేజీలో ధ్రువపత్రం, ఆ వెనుక విషయసూచిక. ఎడమవైపు తెల్లపేజీలో పెన్సిలు పటం, కుడివైపు గీతల పేజీలో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం. మార్కులు పడేది రెండవ పుస్తకానికే. పరీక్ష ముగిసిన మర్నాడు మొదటిది పాతకాగితాలవాడి తక్కెడలోకి వెళుతుంది.

ఈ రెండింటిలో శాస్త్రానికి పనికివచ్చేది మొదటిది. రెండవది చాలావరకు దస్తూరీ అభ్యాసం మాత్రమే. ఈ మాట కటువుగా తోచవచ్చు. కాని ఖగోళశాస్త్ర చరిత్రలో మిగిలివున్న కొన్ని పరిశీలన పుస్తకాలను ఒక పక్క, మన కళాశాలల రికార్డులను ఒక పక్క పెట్టుకొని చదివితే, ఇంతకంటె మెత్తని తీర్పు చెప్పడం కష్టం.

లోలకంతో ప్రయోగం చేసే విద్యార్థి నిన్న చేసిన పొరపాటును నేడు దిద్దుకోగలడు. అదే దారం, అదే గుండు, అదే గది. ఆకాశంతో అట్లా కుదరదు. నిన్న రాత్రి ఎనిమిది గంటలకు గురుగ్రహం చుట్టూ ఉపగ్రహాలు ఏ వరుసలో ఉన్నవో, ఆ వరుస మళ్లీ సరిగా అట్లాగే ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా అది వేరే రాత్రి. కనుక ఆ రాత్రి ఆ చోట వ్రాసిన కాగితమే సాక్షి. సాక్షి చెప్పిన మాటలను తరువాత ఇంటికి వెళ్లి అందంగా తిరిగి వ్రాసి, అసలు వాఙ్మూలాన్ని చింపివేసే న్యాయస్థానం ఉండదు. మన ప్రయోగశాలల్లో జరుగుతున్నది ఇంచుమించు అదే.

మొదట గెలీలియో పుస్తకం చూడటం మంచిది. అది గొప్పవాని పుస్తకం కావడంచేత కాదు. కొత్తగా దూరదర్శిని పట్టినవాని పుస్తకం కావడంచేత. 1610 జనవరి 7వ తేదీ రాత్రి పాదువా నగరంలో, సూర్యుడు అస్తమించిన మొదటి గంటలో, ఆయన సుమారు 20 రెట్లు పెంచి చూపే తన దూరదర్శినిని గురుగ్రహంవైపు తిప్పాడు. గ్రహం పక్కన మూడు చిన్న చుక్కలు కనబడ్డాయి. రెండు తూర్పున, ఒకటి పడమట. మూడూ ఒకే సరళరేఖలో, క్రాంతివృత్తానికి సమాంతరంగా ఉన్నాయి. అవి మామూలు నక్షత్రాలే అనుకొన్నాడు. అనుకొన్నాడు గనుక గ్రహంనుంచి వాటి దూరాలను కొలవడానికి శ్రద్ధ పెట్టలేదు. ఈ సంగతిని ఆయన తన గ్రంథంలో తానే ఒప్పుకొన్నాడు.

మర్నాడు 8వ తేదీన మూడు చుక్కలూ పడమటికి వచ్చాయి. చుక్కలు కదలినవన్న ఆలోచన ఆయనకు అప్పటికింకా రాలేదు. గురుడు వాటిని దాటి తూర్పుకు జరిగివుంటాడని అనుకొన్నాడు. గణిత పట్టికల ప్రకారం ఆ దినాలలో గురుడు వక్రగతిలో, అనగా పడమటి వైపుకు కదులుతూ ఉండవలె. అయితే పట్టికలు తప్పా? 9వ తేదీ రాత్రి ఆత్రంతో ఎదురుచూస్తే ఆకాశమంతా మబ్బు. 10వ తేదీన రెండే చుక్కలు, రెండూ తూర్పునే. మూడవది గ్రహం చాటున ఉన్నదని ఊహించాడు. 11వ తేదీన మళ్లీ రెండు. కాని ఒకటి రెండవదానికంటె చాలా పెద్దదిగా కనబడింది. అప్పటికి ఆయనకు నిశ్చయమయింది: కదులుతున్నవి చుక్కలే, అవి గురుని చుట్టూ తిరుగుతున్నాయి. 13వ తేదీన మొదటిసారి నాలుగు కనబడ్డాయి. ఆ సంవత్సరం మార్చి నెలలో వెనిస్ నగరంలో అచ్చయిన ఆయన చిన్న గ్రంథంలో, జనవరి 7 మొదలు మార్చి 2 వరకు చేసిన పరిశీలనలు తేదీ, గంట, పటంతో సహా వరుసగా ఉన్నాయి. గ్రహానికి గుర్తు ఒక సున్న, ఉపగ్రహాలకు గుర్తు నక్షత్ర చిహ్నాలు. అంతే. అందులో ఏ అలంకారమూ లేదు.

ఇదే పనిని మన రికార్డు పద్ధతిలో చేసివుంటే ఎట్లా ఉండేది? "ఉద్దేశం: గురుగ్రహమునకు నాలుగు ఉపగ్రహములు కలవని చూపుట" అన్న వాక్యంతో మొదలయ్యేది. 7వ తేదీ పటంలో మూడు చుక్కలకు బదులు నాలుగు చుక్కలు వచ్చేవి, ఎందుకంటే జవాబు నాలుగు. గురుడు దారి తప్పాడేమో అన్న 8వ తేదీ సందేహం ఉండేది కాదు. 9వ తేదీ మబ్బు ఉండేది కాదు. అచ్చమైన ఫలితం మాత్రం ఉండేది.

దానివల్ల పోయేదేమిటి అని ఎవరైనా అడగవచ్చు. 7వ తేదీన ఉపగ్రహాలు ఎక్కడ ఉన్నవో ఈనాడు వెనుకకు లెక్క కట్టి చూడవచ్చు. ఆ రాత్రి అయో, యూరోపా అనే రెండు ఉపగ్రహాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నవంటే, ఆ చిన్న దూరదర్శినికి రెండూ కలిసి ఒకే చుక్కగా కనబడ్డాయి. అందుకే మూడు. గెలీలియో తప్పుగా లెక్కపెట్టలేదు. తన పరికరం చూపినదాన్ని ఉన్నదున్నట్లు వ్రాశాడు. ఆ "మూడు" అన్న అంకెవల్ల 400 సంవత్సరాల తరువాత ఆయన కటకాల శక్తి ఎంతో ఒక కొలత దొరికింది. దాన్ని "నాలుగు" అని దిద్దివుంటే ఆ కొలత పోయేది. ఆయన నిజాయితీకి మిగిలిన రుజువు కూడా పోయేది.

అయితే గెలీలియో పుస్తకం లోపం లేనిదని కాదు. మొదటి రాత్రి దూరాలు కొలవకపోవడం పెద్ద లోపమే. ఏది ముఖ్యమో ముందే నిర్ణయించుకొని, మిగిలినదాన్ని వ్రాయకుండా వదిలివేయడం పరిశీలకులకు సహజమైన దోషం. తరువాత ఆయన దూరాలను కళలలో, అనగా డిగ్రీలో 60వ భాగాలలో, వ్రాయసాగాడు. కాని కంటి అంచనా ఎంతవరకు నమ్మదగినదో, ఆకాశం నిలకడగా ఉన్నదో లేదో చాలా రాత్రులకు చెప్పలేదు. చంద్రుని విషయంలో మరీ చనువు తీసుకొన్నాడు. ఆయన గ్రంథంలోని చంద్రబింబం పటంలో నడుమ కనబడే పెద్ద గుండ్రని గుంట, ఉన్నదానికంటె ఎన్నోరెట్లు పెద్దదిగా ఉన్నది. అది చూపుకోసం గీసిన బొమ్మేగాని కొలిచి గీసిన పటం కాదు. బొమ్మ మేలా, కొలత మేలా అనే చిక్కు ఆనాడే ఉన్నది.

అసలైన విశేషం మూడు సంవత్సరాల తరువాతిది. 1612 డిసెంబరు 28న గెలీలియో గురుని ఉపగ్రహాలను గుర్తిస్తూ, కొంచెం దూరంలో ఉన్న మరొక చుక్కను కూడా పటంలో పెట్టి, అది స్థిరనక్షత్రమని వ్రాశాడు. 1613 జనవరి 28న మళ్లీ అదే ప్రాంతంలో రెండు చుక్కలను గుర్తించాడు. అవి రెండూ క్రిందటి రాత్రి కూడా కనబడినవనీ, కాని అప్పుడు వాటిమధ్య ఎడం ఎక్కువగా తోచినదనీ పక్కన చిన్న మాట చేర్చాడు. ఆయనకు కావలసినవి ఉపగ్రహాలు. ఈ చుక్కలతో పని లేదు. అయినా వ్రాశాడు. 1980లో కోవల్, డ్రేక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కాగితాలను పరిశీలించి, రెండు చుక్కలలో ఒకటి నెప్ట్యూన్ గ్రహమని చూపించారు. నెప్ట్యూన్‌ను లోకం కనుగొన్నది 1846లో. అంటే 233 సంవత్సరాల ముందే అది ఒక నోటుపుస్తకంలో నమోదై ఉన్నది. అది కదలిందన్న అనుమానం కూడా నమోదై ఉన్నది. వ్రాసినవానికి తెలియని సంగతి అతని పుస్తకానికి తెలుసు.

పరిశీలన పుస్తకాన్ని తూచడానికి ఇంతకంటె మంచి తూనికరాయి లేదు. వ్రాసినవాడు ఎరుగని సంగతిని మరొకడు తరువాత ఎప్పుడో అందులోనుంచి తీయగలడా? సాఫు ప్రతిలోనుంచి తీయలేడు, ఎందుకంటే వ్రాసినవానికి అప్పటికే తెలిసినది తప్ప అందులో మరేమీ మిగలదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నెప్ట్యూన్ చరిత్రలోనే ఉన్నది. 1795 మే 8న, మళ్లీ 10న పారిస్ నగరంలో మిషెల్ లలాండ్ నక్షత్రాల పట్టిక తయారు చేస్తూ ఒక చుక్క స్థానాన్ని కొలిచాడు. రెండు రాత్రుల కొలతలకూ పొత్తు కుదరలేదు. నక్షత్రం రెండు రోజుల్లో కదలదు గనుక ఏదో ఒక కొలత తప్పు అయివుండాలని ఆయన తీర్మానించాడు. 1801లో అచ్చయిన పెద్ద పట్టికలో 8వ తేదీ కొలత లేదు. 10వ తేదీదొక్కటే, పక్కన సందేహ చిహ్నంతో వచ్చింది. ఆ పట్టికలో 47 వేలకు పైగా నక్షత్రాలున్నాయి. అన్ని వేలలో ఒకచోట కనబడిన చిన్న తేడాకు నిలబడి ఆలోచించలేదని ఆయనను తప్పుపట్టడం సులభమేగాని న్యాయం కాదు. ఆయన చేసిన మేలు ఒకటున్నది: చేతివ్రాత పుస్తకంలోని మొదటి కొలతను తుడిచివేయలేదు. నెప్ట్యూన్‌ను కనుగొన్న తరువాత, 1847లో అమెరికాలో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గ్రహం గతంలో ఎక్కడ ఉండివుండాలో లెక్క కట్టి లలాండ్ పట్టికలో వెదకితే, ఆ సందేహపు చుక్క దొరికింది. పారిస్‌లో అసలు చేతిప్రతి తీసి చూస్తే 8వ తేదీ కొలత కూడా బయటపడింది. రెండు కొలతలూ ఒప్పే. ఆ రెండు రోజుల్లో గ్రహం కదలింది.

ఈ దొరకడం ఎంత విలువైనదో గమనించాలి. నెప్ట్యూన్ సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 165 సంవత్సరాలు పడుతుంది. కనుగొన్న కొద్ది నెలల్లో అది నడిచిన దారి చాలా చిన్న తునక. ఆ తునకనుంచి కక్ష్య అంతటినీ గీయడం కష్టం. 1795 నాటి స్థానం దొరకగానే శాస్త్రజ్ఞుల చేతికి అర్ధ శతాబ్దపు దారి ఒక్కసారిగా వచ్చినట్లయింది. అచ్చుపుస్తకం దాచినదాన్ని చిత్తు పుస్తకం తిరిగి ఇచ్చింది.

వ్రాసి ఊరుకొంటే చాలదని చెప్పడానికి కేంబ్రిడ్జిలోని చాలిస్ ఉన్నాడు. 1846 జూలై చివర ఆయన తెలియని గ్రహంకోసమే వెదకడం ప్రారంభించాడు. ఆగస్టు 4, 12 తేదీలలో ఆయన వ్రాసుకొన్న చుక్కలలో నెప్ట్యూన్ ఉన్నది. 12వ తేదీ చుక్కలను జూలై 30 నాటి చుక్కలతో పోల్చి చూడటం మొదలుపెట్టి, 39వ దానివరకు సరిచూసి, అన్నీ సరిపోతున్నవి గనుక అక్కడ ఆపివేశాడు. గ్రహం 49వ చుక్క. సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలే దాన్ని ఒక్క రాత్రిలో పట్టుకొన్నాడు. కొత్తగా తయారైన నక్షత్రపటంతో పోల్చి చూద్దామన్న సలహా ఇచ్చింది పక్కన ఉన్న డారెస్ట్ అనే విద్యార్థి. ఒక విద్యార్థి గురించి ఖగోళ చరిత్రలో ఇంత మంచి మాట అరుదు. పాఠ్యపుస్తకాలు దాన్ని ఎందుకు వదిలివేస్తాయో తెలియదు.

తెలుగుదేశంలో జరిగిన ఒక సంగతి కూడా ఇక్కడ చెప్పదగినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నంమీదుగా సాగింది. సూర్యుని అంచున ఎగిసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలో చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుల పక్షాన మేజర్ టెనెంట్ గుంటూరులో మకాం వేశారు. జ్వాలల వర్ణపటంలో ప్రకాశమైన రేఖలు కనబడ్డాయి. వాటిలో పసుపు, నారింజ రంగుల నడుమ ఉన్న ఒక రేఖను, ఆనాటి పరిశీలకులు పలువురు, టెనెంట్‌తో సహా, "డి" రేఖ అని పేర్కొన్నారు. డి అనేది సోడియానికి చెందిన రేఖ. గ్రహణం ఉన్న కొద్ది నిమిషాలలో స్థానాన్ని నిశితంగా కొలవడం సాధ్యమయ్యే పని కాదు. ఆ అక్టోబరులో ఇంగ్లాండులో లాకియర్ గ్రహణం లేకుండానే అదే రేఖను చూచి, అది డి వద్ద లేదనీ, కొంచెం ఆకుపచ్చ వైపుకు జరిగివున్నదనీ గుర్తించాడు. అదే హీలియం రేఖ. భూమిమీద హీలియం 1895లో రామ్సే చేతికి దొరికింది.

ఇక్కడ వ్రాతకు సంబంధించిన చిక్కు ఒకటున్నది. "డి" అన్నది పేరు. "డి దగ్గర, తేడా ఉన్నదీ లేనిదీ ఈ పరికరంతో చెప్పలేము" అన్నది పరిశీలన. రెండవ విధంగా వ్రాస్తే తలుపు తెరచివుంటుంది. మొదటి విధంగా వ్రాస్తే మూసుకొంటుంది. రెండు రేఖల మధ్య ఉన్న తేడా చాలా స్వల్పం. సోడియం జంట తరంగ దైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు, హీలియంది 587.6. అంత స్వల్పమైన తేడాలో ఒక కొత్త మూలకం దాగివున్నది.

ఇక మన విద్యార్థుల పుస్తకాల సంగతి. గురుని ఉపగ్రహాలను మూడు వారాలపాటు గుర్తించి, వాటిలో ఒకదాని పరిభ్రమణ కాలం కట్టడం మొదటి తరగతి విద్యార్థులకు ఇచ్చే మంచి అభ్యాసం. చిన్న దూరదర్శిని చాలును. కదలకుండా పట్టితే మంచి బైనాక్యులరైనా చాలును. ఈ అభ్యాసానికి సాధారణంగా వచ్చే రికార్డు పేజీలో మొదట కనబడే లోపం కాలం. "15వ తేదీ రాత్రి ఒంటిగంట" అని ఉంటుంది. అది 15వ తేదీ తెల్లవారుజామా, 15 గడచి 16 ప్రవేశించిన తరువాతా? అయో 42 గంటలలో గురుని చుట్టివస్తుంది. దాని విషయంలో ఒక రోజు పొరపాటు అంటే గ్రహానికి ఒక పక్కనుంచి ఇంచుమించు రెండవ పక్కకు దూకినట్లే. ఖగోళజ్ఞులు "15–16 తేదీల రాత్రి" అని జంట తేదీ వ్రాసే అలవాటు ఇందుకే పెట్టుకొన్నారు. గడియారం ఏ కాలమానం చూపుతున్నదో కూడా ఒక మాట ఉండాలి. భారతీయ ప్రామాణిక కాలానికీ గ్రీనిచ్ కాలానికీ ఐదున్నర గంటల తేడా. కంప్యూటరులో సరిచూచుకొనేవారు ఈ ఐదున్నర గంటలను మరచి, ఉపగ్రహాలు తప్పుచోట ఉన్నవని కంగారుపడి, తాము చూచిన ఒప్పు పటాన్ని తప్పుగా దిద్దుకొంటారు.

రెండవ లోపం దిక్కు. కొన్ని దూరదర్శినులు బింబాన్ని తలక్రిందులు చేస్తాయి, కొన్ని కుడిఎడమలు మారుస్తాయి. పటంలో తూర్పు ఏదో వ్రాయకపోతే ఆ పటం ఎందుకూ పనికిరాదు. దీన్ని తెలుసుకోవడానికి పుస్తకం అక్కరలేదు. దూరదర్శినిని కదల్చకుండా వదిలితే గ్రహం మెల్లగా ఒక అంచుకు జరిగి మాయమవుతుంది. ఏ అంచున మాయమయిందో అది పడమర. అర నిమిషపు పని. అయినా ఈ ఒక్క వాక్యం ఉన్న రికార్డు దొరకడం అపురూపం.

మూడవది అన్నిటికంటె బరువైనది: అంకెల నిజాయితీ. దూరాన్ని గురుబింబపు వ్యాసాలతో అంచనా వేసే విద్యార్థికి అర వ్యాసం అటూఇటూ తప్పడం సహజం. గనిమీడ్ అనే ఉపగ్రహం గురునినుంచి ఎక్కువలో ఎక్కువ ఏడున్నర వ్యాసాల దూరం పోతుంది. మూడు వారాలలో అది మూడు చుట్లు తిరుగుతుంది. ఇన్ని రాత్రులు శ్రద్ధగా చూచినవానికి పరిభ్రమణ కాలం 7.0 రోజులనో 7.3 రోజులనో రావచ్చు, 7.1 వస్తే సంతోషించవచ్చు. కాని రికార్డులో "7.1546 రోజులు" అని ఉంటుంది. అది పాఠ్యపుస్తకం వెనుక అనుబంధంలోని అంకె. కంటితో చూచి అంచనా వేసిన దూరాలనుంచి నాలుగు దశాంశ స్థానాలు రావడం అసాధ్యమని ఆ విద్యార్థికీ తెలుసు, దిద్దే అధ్యాపకునికీ తెలుసు. అయినా ఎర్రసిరాతో టిక్కు పడుతుంది. 7.3 అని వ్రాసి, "మూడు రాత్రులు మబ్బు, గరిష్ఠ దూరం ఏ రాత్రో సరిగా తెలియలేదు" అని చేర్చినవానికి రెండు మార్కులు తగ్గుతాయి. ఈ రెండు మార్కులతో ఆ కుర్రవానికి మనం ఏమి నేర్పుతున్నామో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. వాడు అబద్ధమాడటం నేర్చుకోకపోతే ఆశ్చర్యపడాలి.

సీనియర్ విద్యార్థి రికార్డు చూచి ఎక్కించడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. గత సంవత్సరపు గురుని పటం ఈ సంవత్సరపు తేదీలతో వచ్చిన రికార్డును కంప్యూటరుతో నిమిషంలో పట్టుకోవచ్చు. ఎవరూ పట్టుకోకపోవడమే అసలు విశేషం.

ఈ సందర్భంలో ఇటీవలి ముచ్చట ఒకటి ఉన్నది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గెలీలియో చేతివ్రాత అని పేరుబడిన ఒక కాగితం ఎన్నో దశాబ్దాలు భద్రంగా ఉండేది. పైభాగంలో 1609 ఆగస్టు నాటి దూరదర్శినిని గురించిన ఒక లేఖ చిత్తు, క్రిందిభాగంలో 1610 జనవరి నాటి గురుని ఉపగ్రహాల గుర్తులు. నిక్ వైల్డింగ్ అనే చరిత్రకారుడు దాన్ని అనుమానించాడు. కాగితంలోని నీటిగుర్తు 18వ శతాబ్దం చివరి భాగానికి ముందు కనబడనిదని తేలింది. అది కూటసృష్టి అని 2022లో ఆ గ్రంథాలయమే ప్రకటించింది. వైల్డింగ్‌కు అనుమానం కలిగించినవాటిలో ఒకటి సిరా: నెలల ఎడంతో వ్రాసినట్లు చెప్పే పైభాగం, క్రిందిభాగం ఒకే తీరు సిరాతో ఉన్నాయి. జూలైనుంచి ఫిబ్రవరి వరకు పన్నెండు అభ్యాసాలు ఒకే కలంతో, ఒకే ఒరవడిలో, ఒకే ఆదివారంనాడు వ్రాసిన రికార్డులను ఏటేటా చూచే పరీక్షకులకు ఈ రుజువు కొత్తగా తోచదు.

సాఫు రికార్డును సమర్థించేవారి మాటలో కొంత నిజం లేకపోలేదు. శుభ్రంగా వ్రాయడం ఒక సంస్కారం. ఆలోచనను క్రమంలో పెట్టి ఇతరులకు తెలిసేలా చెప్పడం శాస్త్రంలో సగం పని. గెలీలియో కూడా నోటు కాగితాలనే అచ్చుకు పంపలేదు, గ్రంథం వ్రాశాడు. ఒక అధ్యాపకునికి అరవైమంది విద్యార్థులుంటే, అరవై చిత్తు పుస్తకాలలోని కోడిగీతలను చదవడం ప్రాణాంతకం అనే మాట కూడా కొట్టివేయదగినది కాదు. అయితే ఈ వాదాలన్నీ చిత్తు పుస్తకంతోపాటు నివేదిక ఒకటి ఉండాలని చెబుతాయేగాని, చిత్తు పుస్తకాన్ని పారవేయమని చెప్పవు. ఏడాదికి రెండు అభ్యాసాలకు మాత్రం చక్కని నివేదిక వ్రాయించి, మిగిలినవాటికి అసలు పుస్తకాన్నే దిద్దితే అధ్యాపకుని పని పెరగదు, తగ్గుతుంది. విద్యార్థికి కూడా ఒకే సంగతిని రెండుసార్లు వ్రాసే శ్రమ తప్పుతుంది.

అసలు పుస్తకానికి నియమాలు ఎక్కువ అక్కరలేదు. పేజీలకు ముందే అంకెలు వేసివుండాలి, చింపరాదు. మంచులో సిరా చెదురుతుంది గనుక పెన్సిలు వాడవచ్చు, కాని రబ్బరు మిద్దెమీదికి తీసుకువెళ్లరాదు. తప్పనుకొన్నదాన్ని క్రింది అంకె కనబడేటట్లు ఒక్క గీతతో కొట్టి, ఎందుకు కొట్టినదీ, ఏ తేదీన కొట్టినదీ పక్కన వ్రాయాలి. లలాండ్ పుస్తకంలో ఒక కొలతను సిరాతో అలికివేసివుంటే ఏమయ్యేదో తలచుకొంటే ఈ నియమం ఎంత అవసరమో తెలుస్తుంది. చూచినది ఒకచోట, అనుకొన్నది మరొకచోట ఉండాలి. గీత గీసిన అంచు స్థలం ఇందుకు బాగా పనికివస్తుంది. చేతిలైటుకు ఎర్రకాగితం చుట్టుకొంటే కన్ను చీకటికి అలవాటు తప్పదు, వ్రాత ఆలస్యం కాదు. ఆలస్యం కావడమే పెద్ద ప్రమాదం. మెట్లు దిగి గదిలోకి వచ్చి "ఇప్పుడు చూచినదే కదా" అని గీసిన పటంలో, చూచినదానికంటె తెలిసినది ఎక్కువ ఉంటుంది.

పరీక్షకుడు చేయవలసినది ఇంకా తక్కువ. పుస్తకంలో ఏదో ఒక పేజీ తెరచి, ఆ తేదీకి, ఆ గంటకు గురుని ఉపగ్రహాల స్థానాలను కంప్యూటరులో తెప్పించి, విద్యార్థి పటం పక్కన పెట్టాలి. నిజంగా చూచి గీసిన పటం దానితో కొంచెం తేడాగా ఉంటుంది. బింబానికి మరీ దగ్గరగా ఉన్న చుక్క కొన్నిసార్లు పటంలో ఉండదు. తేడా ఎందుకు వచ్చిందని విద్యార్థిని అడిగి, చెప్పిన జవాబుకు మార్కులు వేయాలి. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతే, ఆ రాత్రి ఆకాశం ఎట్లా ఉన్నదని అడగాలి.

"9వ తేదీ. రాత్రి ఏడునుంచి తొమ్మిదివరకు మిద్దెమీద ఉన్నాము. మబ్బు. ఏమీ కనబడలేదు" అని మాత్రమే వ్రాసిన పేజీ కూడా కొన్ని పుస్తకాలలో ఉంటుంది. గెలీలియో తన 9వ తేదీ మబ్బును అచ్చు వేయించాడు. మన మార్కుల పట్టికలో ఆ పేజీకి ఇంకా గడి లేదు.